సొంత మైకు కొనేముందు: పాటగాళ్ళకు పది వేల రూపాయల లోపు ఏది నప్పుతుంది?

వినాయక చవితి తొమ్మిది రాత్రులూ ఊరూరా తిరిగి పాడేవాళ్ళకు ఈ అనుభవం కొత్త కాదు. గొంతు అదే, పాటలూ అవే. ఒక ఊరి పందిట్లో మన గొంతు మనకే ముద్దొస్తుంది. మర్నాడు పక్క ఊళ్ళో అదే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. జలుబు చేసిందేమో, నిద్ర చాలలేదేమో అని మనల్ని మనమే అనుమానించుకుంటాం. చాలాసార్లు తేడా గొంతులో ఉండదు, చేతికిచ్చిన మైకులో ఉంటుంది.

అద్దె సెట్టుతో వచ్చే మైకు ఒక్క రోజులో ఎన్ని చేతులు మారుతుందో చూడండి. పొద్దున పెద్దల ఉపన్యాసాలు, మధ్యాహ్నం అన్నదానం ప్రకటనలు, సాయంత్రం పిల్లల డాన్సులు, రాత్రికి మన పాట. జాలీ సొట్టలు పడి ఉంటుంది. లోపలి స్పాంజి పొడిపొడిగా రాలుతుంటుంది. స్విచ్ వదులై, గట్టిగా పట్టుకుంటే గరగరమంటుంది. ఇందులో సౌండ్ అబ్బాయిని అనడానికేమీ లేదు, తన దగ్గరున్నదే అతను ఇస్తాడు. అందుకే కొత్తగా స్టేజీ ఎక్కుతున్న పిల్లలు ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: కొత్త కీబోర్డు, ట్రాకులు వేసుకునే స్పీకరు తర్వాత చూసుకోవచ్చు, ముందు మీకంటూ ఒక మంచి వైరు మైకు కొనుక్కోండి. రెండు వేల నుంచి పది వేల లోపు పని జరిగిపోతుంది.

నేను పదిహేనేళ్ళుగా భజనల్లో, పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో పాడుతున్నాను. ఇక్కడ చెప్పేవన్నీ ఆ స్టేజీల మీద పట్టుకుని పాడిన మైకుల సంగతులే. ధరలు మాత్రం ఉజ్జాయింపుగా చూసుకోండి. దుకాణానికీ దుకాణానికీ, నెలకూ నెలకూ మారుతుంటాయి.

డైనమిక్కా, కండెన్సరా

దీని మీద ఎక్కువ ఆలోచించక్కర్లేదు. డైనమిక్ మైకులో పల్చటి పొర, దానికి అంటుకుని సన్నని తీగచుట్ట, చుట్టూ అయస్కాంతం ఉంటాయి. మన గొంతుకు పొర కదిలితే తీగచుట్ట కదిలి కరెంటు పుడుతుంది. బయటి నుంచి పవర్ ఏదీ అక్కర్లేదు. స్టేజీ కండెన్సర్ మైకులకు చాలావరకు మిక్సర్ (మైకులన్నిటి సౌండూ కలిపి సర్దే పెట్టె) నుంచి మైకు వైరులోనే వచ్చే 48 వోల్టుల కరెంటు, అంటే ఫాంటమ్ పవర్ కావాలి. మన ఊళ్ళలో ఇప్పటికీ నడుస్తున్న పాత ఆంప్లిఫయర్లు చాలావాటిలో అది ఉండదు. ఉన్నా, కండెన్సర్ చెవి సున్నితమైనది. మన గొంతుతో పాటు పక్కన డోలక్కు, వెనక డ్రమ్స్, ఎదుట ఫ్యాను హోరు అన్నీ మోసుకొస్తుంది. స్టూడియోలో అది గుణమే, పందిట్లో మాత్రం చిక్కు. డైనమిక్ ఒకసారి చేయి జారి కింద పడ్డా చాలావరకు బతుకుతుంది. ఈ ధరలో డైనమిక్కే తీసుకోండి.

విజిల్ ఎందుకు వస్తుంది

మైకు ఎంపికలో అసలు కిటుకు ఇక్కడే ఉంది. స్పీకర్లోంచి వచ్చిన సౌండు తిరిగి మైకులోకి వెళ్ళి, మళ్ళీ పెద్దదై స్పీకర్లోంచి రావడమే విజిల్. కాబట్టి మైకు ఏ వైపు వింటుంది, ఏ వైపు వినదు అన్నది దాని రంగు, బరువు, కంపెనీ కన్నా ముఖ్యం.

పాటకు ఎక్కువగా వాడేవి రెండు రకాలు. కార్డియాయిడ్ మైకు ఎదుటిది బాగా వింటుంది, సరిగ్గా వెనక, అంటే వైరు దూరే చివర వైపు, దాదాపు చెవిటిది. కాబట్టి మానిటర్ బాక్సు (పాటగాడు తన గొంతు తాను వినడానికి పెట్టే స్పీకరు) పాటగాడికి ఎదురుగా, మైకు తోక వైపు పెట్టాలి. సూపర్‌కార్డియాయిడ్ పక్కల నుంచి ఇంకా తక్కువ వింటుంది కానీ సరిగ్గా వెనక వైపు కాస్త వింటుంది. దాని చెవిటి మూలలు వెనక అటూ ఇటూ, సుమారు 125 డిగ్రీల దగ్గర ఉంటాయి. దానికి మానిటర్లు ఎదుట నడిమధ్యన కాకుండా రెండు పక్కలకు జరిపి పెట్టాలి. డ్రమ్స్ హోరు ఎక్కువుండే ఆర్కెస్ట్రాలో సూపర్‌కార్డియాయిడ్ బాగా ఆదుకుంటుంది. కానీ పాడుతూ తల తిప్పే అలవాటున్నవాళ్ళకు కుదరదు. మూతి కొంచెం పక్కకు పోగానే గొంతు సన్నబడిపోతుంది. మానిటరే ఉండని పందిళ్ళు, చూపు జనం వైపూ హార్మోనియం వైపూ తిరుగుతుండే పాటగాళ్ళు మనకు ఎక్కువ. వాళ్ళకు కార్డియాయిడే క్షేమం.

ఏ మైకు కొన్నా ఒక తప్పు చేయకండి. స్టైలుగా ఉంటుందని జాలీని గుప్పిట్లో మూసి పాడతారు కొందరు. మైకు వెనక నుంచి గాలి వెళ్ళే దారులు మూసుకుంటేనే కదా ఆ చెవిటితనం పోయేది! చేయి అక్కడ అడ్డుపడగానే అది నాలుగు దిక్కులా వినడం మొదలుపెడుతుంది, విజిల్ ఖాయం. పది వేల మైకైనా, వెయ్యి రూపాయల మైకైనా ఇందులో తేడా లేదు. చేయి మైకు నడుం దగ్గర, జాలీ కిందే ఉండాలి.

దూరం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఇది పైసా ఖర్చు లేని మెరుగుదల. మూతికి నాలుగంగుళాల దూరంలో ఉన్న మైకును రెండంగుళాలకు తెస్తే సౌండు సుమారు 6 డెసిబెల్స్ (సౌండు కొలత) పెరుగుతుంది. ఆంప్లిఫయర్ వాట్లు నాలుగింతలు చేస్తే పెరిగేది అంతే. దగ్గరికి తెచ్చినకొద్దీ గొంతులో బేస్ కూడా పెరుగుతుంది. సన్నని గొంతుకు అది నిండుదనం, బరువు గొంతుకు బురద. పద్యం ఎత్తుకునే పెద్దలు తారస్థాయికి వెళ్ళేటప్పుడు మైకును మెల్లగా దూరం జరపడం చూసే ఉంటారు. సౌండు చెదరకుండా, రాగం చివర గొంతు పలచబడి మాయమవకుండా ఎంత జరపాలో వాళ్ళకు చేతికే తెలుసు. అదొక విద్య. సొంత మైకుతో ఇంట్లో సాధన చేస్తేనే అబ్బుతుంది.

రెండు, మూడు వేలు ఉంటే

ఈ స్థాయిలో నేను చూసేవి మూడు. బెరింజర్ ఎక్స్‌ఎమ్8500, అహూజా ఎక్స్‌ఎల్ఆర్ (మూడు కాళ్ళ పిన్ను) డైనమిక్ మైకులు, షూర్ ఎస్‌వీ100.

ఎక్స్‌ఎమ్8500 ధర రెండు వేల అటూ ఇటూ. ఈ డబ్బుకు దాని గొంతు ఆశ్చర్యంగా బాగుంటుంది. కార్డియాయిడ్, స్విచ్ లేదు. చేతిలో అటూ ఇటూ కదిపితే దబదబ చప్పుడు కొంచెం ఎక్కువ వినిపిస్తుంది కాబట్టి స్టాండు మీద పెట్టి పాడేవాళ్ళకు ఇంకా బాగా నప్పుతుంది. చేతిలో తక్కువ డబ్బు, స్టాండు ముందు నిలబడి పాడటం అలవాటు అయితే నేను దీన్నే చెబుతాను.

అహూజా 1940 నుంచి ఉన్న ఢిల్లీ కంపెనీ. మన గుళ్ళలో, బడుల్లో, చర్చిల్లో ఆ పేరు లేని ఆంప్లిఫయర్ అరుదు. వాళ్ళ మైకుల్లో గొంతు మెరుపు తక్కువే, మాటకు పనికొచ్చినంత పాటకు పనికిరావు అని నా అభిప్రాయం. కానీ ఒక లాభాన్ని తక్కువ చేయలేం: ఊరికి దగ్గర్లోనే బాగుచేసేవాళ్ళు, లోపలి సామాను దొరుకుతాయి. గుడిలో రోజూ సుప్రభాతం, ప్రవచనం, అప్పుడప్పుడు భజన అయితే అహూజాయే తెలివైన ఎంపిక.

ఎస్‌వీ100 వైరుతో కలిపి అమ్ముతారు, స్విచ్ ఉంటుంది. మొదటిసారి మైకు పట్టుకునేవాళ్ళకు సరిపోతుంది కానీ గొంతు విషయంలో ఎక్స్‌ఎమ్8500 కన్నా మెరుగని నాకెప్పుడూ అనిపించలేదు.

ఐదు వేల దగ్గర

షూర్ పీజీఏ58, ఏకేజీ డీ5 ఈ చుట్టుపక్కల దొరుకుతాయి. పీజీఏ58 కార్డియాయిడ్, స్విచ్ ఉన్నది. సాధుస్వభావం, ఏ సెట్టులోనైనా ఇమిడిపోతుంది. డీ5 సూపర్‌కార్డియాయిడ్. పెళ్ళి ఆర్కెస్ట్రాలో, డ్రమ్మర్‌కు రెండు గజాల దూరంలో నిలబడి పాడాల్సి వస్తే డీ5 విలువ తెలుస్తుంది. పైన చెప్పిన మానిటర్ మూలల సంగతి సౌండ్ అబ్బాయికి ముందే చెప్పుకోవాలి, అంతే.

స్విచ్ గురించి ఒక మాట. యాంకర్లకు, సభలకు స్విచ్ కావాలి. పాటకు వద్దు. పాట మధ్యలో బొటనవేలు తగిలి ఆఫ్ అయితే సౌండ్ అబ్బాయి సౌండు పెంచే మీటలు (ఫేడర్లు) పైకి తోస్తాడు, మనం కంగారుగా ఆన్ చేస్తాం, పందిరి అదిరిపడుతుంది. నా కళ్ళ ముందు ఎన్నిసార్లు జరిగిందో. స్విచ్ మైకే ఉంటే ఆన్ చేసి, దాని మీద నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టేయండి.

ఏడు నుంచి పది వేలు

ఇక్కడ పోటీ రెండింటి మధ్యే. షూర్ ఎస్‌ఎమ్58, సెన్‌హైజర్ ఈ835. నిజానికి ఈ వ్యాసం రాయాలనిపించింది ఈ రెండింటి కోసమే.

ఎస్‌ఎమ్58 వచ్చింది 1966లో. అరవై ఏళ్ళుగా ప్రపంచంలో ఎక్కడ స్టేజీ ఉన్నా అది ఉంది. బరువు 298 గ్రాములు. దాని గొంతు మధ్య స్థాయిలో నిండుగా ఉంటుంది, పైస్థాయిలో కొద్దిగా మెరుపుంటుంది, అడుగున అనవసరమైన హోరు కోసేస్తుంది. సౌండ్ చేసేవాళ్ళందరికీ దాని గుణం చేతిలో గీతలా తెలుసు. స్టాండు ఎక్కగానే ఎక్కడ ఎంత తిప్పాలో వాళ్ళే తిప్పేస్తారు. జాలీ సొట్టపడితే జాలీ ఒక్కటే మార్చుకోవచ్చు. లోపలి కార్ట్రిడ్జ్ (గొంతును కరెంటుగా మార్చే భాగం) పోయినా విడిగా దొరుకుతుంది. ఇరవై ఏళ్ళు వాడే వస్తువు.

ఈ835 కూడా కార్డియాయిడే. అదే గొంతుకు ఎస్‌ఎమ్58 కన్నా సుమారు 3 డెసిబెల్స్ ఎక్కువ సిగ్నల్ ఇస్తుంది. పైస్థాయి ఇంకొంచెం స్పష్టం. దగ్గరికీ దూరానికీ గొంతు రంగు అంతగా మారదు, కాబట్టి మైకుతో మూతి దూరం ఇంకా కుదరని కొత్తవాళ్ళను ఇది కాపాడుతుంది. సాధారణంగా ఎస్‌ఎమ్58 కన్నా వెయ్యి, రెండు వేలు తక్కువకే దొరుకుతుంది.

మైకు ఎంత కింది స్వరం నుంచి ఎంత పై స్వరం దాకా పట్టుకుంటుందో చెప్పడానికి, పెట్టె మీద ఎస్‌ఎమ్58కు 50 నుంచి 15,000 హెర్ట్జ్, ఈ835కు 40 నుంచి 16,000 హెర్ట్జ్ అని ఉంటుంది. ఆ అంకెలు చూసి నిర్ణయించకండి. పందిరి స్తంభాలకు కట్టే హారన్లు, కాలమ్ బాక్సులు ఆ చివరలను పలకనే పలకవు.

నిర్ణయించాల్సింది మీ గొంతు, మీరు పాడే చోటు. మెత్తని గొంతు, మెల్లగా పాడే ఆడపిల్లలు, పాత ఆంప్లిఫయర్లు ఎక్కువ తగిలే ఊళ్ళు: ఈ835. బరువు గొంతు, పద్యాలు, గట్టిగా పాడే జానపదం, హారన్ల మీద పాడటం: ఎస్‌ఎమ్58. హారన్లకు అసలే మెరుపెక్కువ. ఈ835 మెరుపు దానికి తోడైతే శ, ష, స అక్షరాలు ఈల వేసినట్టు చెవిలో గుచ్చుకుంటాయి. తెలుగులో శ్రీ, స్వామి, శరణు లేని భక్తి పాటే ఉండదు కదా. ఈ835 కొన్నవాళ్ళు హారన్ల సెట్టు కనబడగానే ట్రెబుల్ కొంచెం తగ్గించమని అడగాలి.

నేను వాడేది ఎస్‌ఎమ్58. నా గొంతు బరువైనది. మా బృందంలో పాడే మరదలికి నేనే దగ్గరుండి ఈ835 ఇప్పించాను, తన గొంతు నాకన్నా బాగా చివరి వరసదాకా వెళుతుంది.

నకిలీలు

ఎస్‌ఎమ్58కు ఉన్నన్ని నకిలీలు ఇంకే మైకుకూ లేవు. నా మొదటి "ఎస్‌ఎమ్58" పద్దెనిమిది వందలకు దొరికింది. పెట్టె, సంచి, అక్షరాలు అన్నీ అచ్చం అలాగే ఉన్నాయి. శ్రీరామనవమి రాత్రి మూడో పాటలో గొంతు తెగి తెగి వచ్చింది. ఇంటికొచ్చి విప్పితే లోపల కార్ట్రిడ్జ్ జిగురుతో అంటించి ఉంది, అదీ ఊడిపోయింది. ఆ డబ్బుకు నిజమైన ఎక్స్‌ఎమ్8500 వచ్చేది.

అసలు ధరలో నాలుగో వంతుకు ఇస్తామంటే అది అసలుది కాదు, ఇంకో పరీక్షే అక్కర్లేదు. మిగతావి: దిగుమతి సరుకు పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ ముద్రించి ఉండాలి, మన చట్టం అది. చేతిలో తూచి చూడండి, చాలా నకిలీలు తేలికగా ఉంటాయి. జీఎస్టీ బిల్లు, వారంటీ అడగండి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలాంటి చోట్ల అన్ని ధరల సరుకూ పక్కపక్కనే దొరుకుతుంది. బిల్లు అడిగితే ముఖం తిప్పుకునే దుకాణం నుంచి బయటికి వచ్చేయడమే.

వైరుకు వెయ్యి రూపాయలు తీసిపెట్టండి

ఎనిమిది వేల మైకు కొని నూటయాభై రూపాయల వైరు తగిలించుకునేవాళ్ళను చూస్తే మనసు చివుక్కుమంటుంది. స్టేజీ మీద వచ్చే గరగరలు చాలావరకు వైరు పిన్నుల దగ్గర పుట్టేవే.

మైకు చివర మూడు కాళ్ళ ఎక్స్‌ఎల్ఆర్ ఉంటుంది. దుకాణాల్లో కెనాన్ పిన్ను అంటారు. రెండో చివర మిక్సర్లో కూడా కెనానే అయితే, రెండు సిగ్నల్ తీగల్లోకి దూరిన మోత ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ముప్ఫై మీటర్లు లాగినా శుభ్రంగా ఉంటుంది. పాత ఆంప్లిఫయర్లకు లావు జాక్, అంటే పీ38 పిన్ను కావాలి. అప్పుడు ఆ రక్షణ పోతుంది. పందిరి చుట్టూ సీరియల్ లైట్లు, పక్కనే జనరేటర్ ఉంటే జూం అనే మోత మొదలు. అందుకని పీ38 వైరు ఐదారు మీటర్లు దాటకూడదు. సంచిలో రెండూ పెట్టుకోండి: పది మీటర్ల కెనాన్-కెనాన్ వైరు ఒకటి, పొట్టి కెనాన్-పీ38 వైరు ఒకటి. ఏ ఊరు వెళ్ళినా దేనికదే పనికొస్తుంది.

వైర్‌లెస్ ఆశ

మూడు వేలకు రెండు వైర్‌లెస్ మైకులు వస్తాయి, చూడ్డానికి బాగుంటాయి. ఆ మూడు వేలలో రెండు ట్రాన్స్‌మిటర్లు, ఒక రిసీవర్, రెండు మైకు తలలు తయారవ్వాలి. తలకు ఎంత ఖర్చుపెట్టి ఉంటారో మీరే లెక్కేసుకోండి. జనం మధ్యలోకి వెళ్ళగానే గొంతు తెగుతుంది, అనుపల్లవిలో బ్యాటరీ అయిపోతుంది. ఇక 700 మెగాహెర్ట్జ్ చుట్టూ పనిచేసే పాత సెట్లు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తే అస్సలు కొనకండి. 2022 స్పెక్ట్రమ్ వేలం తర్వాత ఆ బాండులో 5జీ నడుస్తోంది.

హరిదాసు గారి సంగతి వేరు. ఒక చేత చిడతలు, కాలికి గజ్జెలు, స్టేజంతా నడక. వారికి వైర్‌లెస్ నిజంగా అవసరం, కానీ మంచిది ఈ బడ్జెట్లో రాదు. అంతదాకా స్టాండు మీద ఈ835 పెట్టి, కథ చెప్పేటప్పుడు దగ్గరికి, అభినయానికి దూరంగా జరగడమే నయం.

భజన బృందానికి

పది మంది ఉన్నారు కదా అని పది మైకులు కొనకండి. తెరిచి ఉన్న మైకులు రెట్టింపైన ప్రతిసారీ, విజిల్ రాకముందు దొరికే సౌండు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. ముఖ్య గాయకుడికి ఒక మంచి మైకు, వంతపాటకు ఒకటో రెండో, హార్మోనియానికి ఒకటి. అంతకు మించి అక్కర్లేదు. మైకుకూ మైకుకూ మధ్య దూరం, మూతికీ మైకుకూ ఉన్న దూరానికి మూడింతలైనా ఉండాలి, లేకపోతే ఒకే గొంతు రెంటిలో పడి డొల్లగా వినిపిస్తుంది. పది వేలుంటే ముఖ్య గాయకుడికి ఈ835, మిగిలిన డబ్బుతో వంతకు ఒక ఎక్స్‌ఎమ్8500 తీసుకోండి. మూడు మైకులు ఒకే పెట్టెలో వచ్చే బెరింజర్ ఎక్స్‌ఎమ్1800ఎస్ చవకే కానీ, ముఖ్య గాయకుడికి అది న్యాయం చేయదు. వంతకే వాడుకోండి.

దుకాణంలో పరీక్షించేటప్పుడు "హలో, మైక్ టెస్టింగ్" అంటే ఏమీ తెలియదు. ఎకో పూర్తిగా ఆపించండి. బేస్, ట్రెబుల్ మధ్యలో పెట్టించండి. రెండు మైకులకూ ఒకే దూరం పాటిస్తూ, మీకు బాగా వచ్చిన పాట ఒకే చరణం రెండుసార్లు పాడండి. భ, ఫ, ప అక్షరాలకు స్పీకరు దబ్బుమంటుందా, శ, స గుచ్చుకుంటున్నాయా, మంద్రంలో మాట అర్థమవుతోందా వినండి. కుదిరితే పాట మీరు పాడి, వినే పని వెంట వచ్చిన మనిషికి అప్పగించండి.

కొన్నాక నెలకోసారి జాలీ మర తిప్పి ఊడదీసి, గోరువెచ్చని నీళ్ళలో కొంచెం సబ్బు వేసి పాత టూత్‌బ్రష్‌తో తోమండి. లోపలి స్పాంజి మెల్లగా పిండి, నీడలో పూర్తిగా ఆరబెట్టండి. తడి ఉండగా బిగించొద్దు. మైకు ఒంటికి మాత్రం నీళ్ళు తగలనివ్వకండి.